మన హక్కులకు నిదానం, మన కొలువులకు వేగం



ఈ వారం ప్రమోషన్లలో రిజర్వేషన్ల గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారానికి జరుగుతోంది. కారణం ఒక ఫోన్ కాల్. మూడేళ్ల కింద నా దగ్గర తెలుగు చదువుకున్న కుర్రాడు ఇప్పుడు ఎంబీఏ చేస్తున్నాడు. వాళ్లకు సెమినార్ టాపిక్ ఇచ్చారట: కంపెనీల పునర్వ్యవస్థీకరణ దశలవారీగా చేయాలా, ఒక్క దెబ్బతో చేయాలా? "సార్, రెండిట్లో మనవాళ్లకి ఏది మంచిది?" అని అడిగాడు. వాళ్ల క్లాసులో ఇంకెవరూ ఈ ప్రశ్న వేసి ఉండరు. ఫోన్లో చెప్పినదాన్ని కాస్త విస్తరించి ఇక్కడ పెడుతున్నాను. పొడుగైంది, ఓపికగా చదవండి.

పుస్తకాల్లో వాదన ఇలా ఉంటుంది. ఒక్క దెబ్బ పక్షం వాళ్లు, పన్ను పీకే డాక్టరు వారం రోజులు పీకడు కదా అంటారు. ఆలస్యం చేస్తే వ్యతిరేకించేవాళ్లు కూడబలుక్కుంటారు, పనిమంతులు వేరే చోట చూసుకుంటారు, అప్పుల మీద వడ్డీ పెరుగుతూ పోతుంది. దశలవారీ పక్షం వాళ్లేమో మనుషులకు సర్దుకునే టైం కావాలంటారు. మొదటి అడుగులో జరిగిన పొరపాటు రెండో అడుగులో దిద్దుకోవచ్చంటారు. దేశాల ఉదాహరణలు కూడా ఇస్తారు. 1990లో పోలండ్ ఒక్క దెబ్బ దారి పట్టింది. తూర్పు జర్మనీ ప్రభుత్వ కంపెనీలను ట్రాయ్‌హాండ్ అనే ఒకే సంస్థ చేతిలో పెట్టి, 1994 చివరికల్లా దాదాపు అన్నిటినీ అమ్మడమో మూసేయడమో చేశారు. చైనా మాత్రం 1978 నుంచి కాలితో రాళ్లు తడుముకుంటూ ఏరు దాటిందని మెచ్చుకుంటారు. అదే చైనా 1990ల చివర్లో ప్రభుత్వ ఫ్యాక్టరీల నుంచి రెండు కోట్లకు పైగా కార్మికులను ఇంటికి పంపిన సంగతి మాత్రం చాలా పాఠాల్లో ఒక మూలన ఉంటుంది.

ఈ చర్చలో రెండు పక్షాల్లోనూ మాట్లాడేది ఒకే రకం మనుషులు. కంపెనీ నడిపేవాడు, కొనేవాడు, సలహా ఇచ్చి ఫీజు తీసుకునేవాడు. ఎంత వేగంగా పోవాలో వాళ్లు చూసుకుంటారు. బండి కింద ఎవరు పడతారన్నది చర్చలోకే రాదు.

మనకు ఈ వేగం, నిదానం అనే మాటలు కొత్తవి కావు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ చెరువులూ బావులూ అంటరానివాళ్లకు తెరవాలని తీర్మానం చేసింది. మహద్ మున్సిపాలిటీ సరే అంది, కాగితం మీద. 1927 మార్చిలో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగాల్సి వచ్చింది. కోర్టులో కేసు తేలేసరికి 1937. తీర్మానం నుంచి తీర్పు దాకా, దోసెడు నీళ్ల కోసం 14 ఏళ్లు. అత్యాచారాల నిరోధక చట్టాన్ని 1989లో చేశారు. దాన్ని నడిపించే నిబంధనలు రావడానికి 1995 దాకా పట్టింది. ప్రతిసారీ మనకు చెప్పే మాట ఒకటే. సమాజం ఇంకా సిద్ధంగా లేదు, తొందరపడకండి, మార్పు నిదానంగా వస్తుంది.

మన కొలువు తీసేయాల్సి వచ్చినప్పుడు మాత్రం అదే సమాజం రాత్రికి రాత్రి సిద్ధమైపోతుంది. అప్పుడు నిదానం అసమర్థత అవుతుంది, వేగం సంస్కరణ అవుతుంది. (తెలుగు మేష్టారి చాదస్తం అనుకోండి, 'సంస్కరణ', 'సంస్కారం' ఒకే ధాతువు నుంచి వచ్చాయి. సంస్కారం లేనోళ్లని మనల్ని తరతరాలుగా అన్నవాళ్లే ఇప్పుడు సంస్కరణ చేస్తాం పక్కకు జరగండి అంటున్నారు.)

విశాఖ ఉక్కునే తీసుకోండి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ఫ్యాక్టరీ ప్రకటించారు. 60కి పైగా గ్రామాల నుంచి 20 వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. ఊళ్లు చకచకా ఖాళీ అయ్యాయి. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగమిస్తామని ఆర్-కార్డులు ఇచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఎదురుచూస్తున్నవాళ్లు ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. తాతకు ఇచ్చిన కార్డు మనవడి చేతిలో ఉంది. ఇక పొలం లేక కూలి చేసుకుని బతికినవాడి మాటా? 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం భూమికి, దాని మీద హక్కున్నవాడికి. ఆ భూమిలో చెమటోడ్చినవాడికి ఆ లెక్కల్లో చోటే లేదు. తీసుకునేటప్పుడు వేగం, ఇచ్చేటప్పుడు నిదానం. ఫ్యాక్టరీ పుట్టకముందే రెండు వేగాలూ పుట్టాయి.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం ఆ ఫ్యాక్టరీలో ప్రభుత్వ వాటా నూటికి నూరు శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఒక్క దెబ్బ నిర్ణయమే. కార్మికులు కూర్మన్నపాలెంలో శిబిరం వేసి కూర్చున్నారు, అమ్మకం ముందుకు సాగలేదు. కానీ ఆ నిర్ణయం రద్దు కాలేదు, ఫ్యాక్టరీ నడవడానికి కావలసిన డబ్బూ అప్పట్లో రాలేదు. 73 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న ప్లాంటు, సొంత ఇనుప గని లేదు, ముడిసరుకు కొనడానికి చేతిలో పైసా లేదు. మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. అందులో అన్నపూర్ణ దాదాపు రెండేళ్లు ఆగి ఉంది. చివరికి 2025 జనవరి 17న కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. నాలుగేళ్లు.

ఆ నాలుగేళ్లలో పెట్టుబడి నత్తలా నడిచింది. పర్మినెంట్ ఉద్యోగికి స్వచ్ఛంద పదవీ విరమణ స్కీము వచ్చింది. దానికి ఒక సర్క్యులర్, ఒక గడువు, దరఖాస్తు ఫారం, ఇంట్లో కూర్చుని లెక్కలు వేసుకునే వ్యవధి ఉన్నాయి. కాంట్రాక్టు కార్మికుడికి? 2024 సెప్టెంబరు నెలాఖరులో వేలమంది గేటు పాసులు ఒక్కసారిగా పనిచేయకుండా పోయాయి. పొద్దున్నే డ్యూటీకి వచ్చినవాడికి గేటు దగ్గర తెలిసింది. ధర్నాలు చేశాక వెనక్కి తగ్గారు. 2025లో మళ్లీ తొలగింపులు మొదలయ్యాయి.

ఇప్పుడు చెప్పండి, విశాఖ ఉక్కు పునర్వ్యవస్థీకరణ దశలవారీదా, ఒక్క దెబ్బదా? పైన కూర్చున్నవాడికి దశలవారీది, గేటు దగ్గర నిలబడ్డవాడికి ఒక్క దెబ్బ. ఒకే కంపెనీలో, ఒకే కాలంలో. అంబేడ్కర్ కులాన్ని మెట్లమెట్ల అసమానత అన్నాడు. కార్పొరేట్ పునర్వ్యవస్థీకరణ ఆ మెట్ల మీదుగానే దిగుతుంది. కాకపోతే పై మెట్టు మీద మెల్లగా, కింది మెట్టు మీద ధడాలున.

దశలవారీ అంటే కనీసం మెత్తగా ఉంటుంది కదా అని కొందరు మిత్రులు అంటుంటారు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే నా ఉద్దేశంలో మనకు ఎక్కువ దెబ్బ తగిలింది ఈ మెత్తటి చేతి నుంచే.

దశలవారీ పథకం ఏదైనా తీసుకోండి, మొదటి మెట్టు ఖాళీ పోస్టుల రద్దు. "ఎవరికీ నొప్పి లేని చర్య" అంటారు. కుర్చీలో మనిషి లేడు కదా, కుర్చీ తీసేస్తే ఎవరికి నష్టం? యూనియన్లు కూడా పెద్దగా పట్టించుకోవు. కానీ ఖాళీ కుర్చీ ఎవరిదో చూడండి. 1995లో సభర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 1997 జూలై 2 ఉత్తర్వుతో కేంద్రం రోస్టర్‌ను ఖాళీల లెక్క నుంచి పోస్టుల లెక్కకు మార్చింది. అంటే మన వాటాను కేడర్‌లో మొత్తం ఎన్ని పోస్టులున్నాయన్నదాని మీద కొలుస్తారు.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక కేడర్‌లో 200 పోస్టులు. 15 శాతం చొప్పున ఎస్సీల వాటా 30. "అర్హులు దొరకలేదు" పుణ్యమా అని నిండినవి 18. బ్యాక్‌లాగ్ 12. కేడర్ మొత్తం మీద ఖాళీలు 40. ఆ 40నీ "నొప్పి లేకుండా" రద్దు చేశారు. కేడర్ ఇప్పుడు 160, మన వాటా 24, బ్యాక్‌లాగ్ 6. ఆరు ఉద్యోగాలు పోయాయి. ఎవరినీ తీసేయలేదు, నోటీసు ఇవ్వలేదు, పేపర్లో వార్త రాలేదు. ఇంకో పదేళ్లలో మరో 40 మంది రిటైరయ్యారు, వాళ్ల పోస్టులూ ఎత్తేశారు. ఆ 40లో మనవాళ్లు ఒక్కరూ లేరనే అనుకుందాం. కేడర్ 120, మన వాటా 18, ఉన్నది 18. బ్యాక్‌లాగ్ సున్నా! ఒక్క ఎస్సీ పిల్లవాడికి ఉద్యోగం ఇవ్వకుండానే రిజర్వేషన్ నూటికి నూరు శాతం అమలైనట్టు రికార్డు చూపిస్తుంది. అధికారి ఆ రిజిస్టరు మనకే చూపించి అభినందనలు అందుకుంటాడు.

ఇది ఊహకు వేసిన లెక్కే. కానీ ఈ రకం కుంచించుకుపోవడం ఊహ కాదు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో 1991 ప్రాంతంలో దాదాపు 22 లక్షల మంది రెగ్యులర్ ఉద్యోగులు ఉండేవారు. 2021 నాటికి 9 లక్షల లోపు. ఈ తేడాలో చాలా భాగం రిటైరైనవాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోకపోవడం వల్లా, వీఆర్ఎస్ ఇచ్చి పంపడం వల్లా వచ్చిందే. పని మాత్రం అలాగే ఉంది. ఊడ్చేవాళ్లు, బరువులు మోసేవాళ్లు, పైపులు కడిగేవాళ్లు కావలసిందే. ఆ పని కాంట్రాక్టరు చేతికి పోయింది. కాంట్రాక్టరు మస్టరుకు రోస్టర్ ఉండదు. కాబట్టి మనం పోలేదు, అక్కడే ఉన్నాం. అదే షెడ్డులో, అదే చీపురుతో, రిజర్వేషన్ లేకుండా, పీఎఫ్ సరిగ్గా పడుతుందో లేదో తెలియకుండా. పర్మినెంట్ చేయమని కోర్టుకు పోదామంటే, 2001 ఆగస్టులో సెయిల్ కేసులో సుప్రీంకోర్టు ఆ తలుపు చాలామటుకు మూసింది. కాంట్రాక్టు విధానాన్ని నిషేధించినా కార్మికులు వాటంతట అవే రెగ్యులర్ అయిపోరని తేల్చింది.

అయితే ఒక్క దెబ్బే నయమా? దానికీ ఒక కథ ఉంది. 2001 మార్చిలో బాల్కోలో 51 శాతం వాటాను 551.5 కోట్లకు స్టెరిలైట్‌కు అమ్మారు. కోర్బాలో కార్మికులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డిసెంబరు 10న ప్రభుత్వమే గెలిచింది. ఆ తీర్పు చదివితే వాటాదారుల ఒప్పందంలోని ఒక క్లాజు కనిపిస్తుంది. ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు తగిన ఉద్యోగావకాశాలు కల్పించేలా, సిబ్బందిని తగ్గించాల్సి వస్తే వికలాంగులను చివరగా తొలగించేలా, కొన్నవాడు శాయశక్తులా ప్రయత్నిస్తాడట. ప్రయత్నిస్తాడు! రాజ్యాంగ హక్కుగా ఉన్నది అమ్మకం కాగితంలో ఒక ప్రయత్నంగా మారింది. ప్రయత్నించానో లేదో ఎవరికి చెప్పాలి, ఎవరు లెక్క చూస్తారు? ప్రభుత్వ వాటా సగానికి దిగిపోయిన రోజే రోస్టర్ రిజిస్టరు అటకెక్కింది.

అయినా ఆ క్లాజును నేను వెక్కిరించి వదిలేయను. అది ఒక విషయం ఒప్పుకుంటోంది: తొలగింపులకు ఒక వరుస ఉంటుంది, ఆ వరుసను ముందే రాయవచ్చు. మామూలుగా మన చట్టంలోని వరుస "చివర వచ్చినవాడు ముందు పోవాలి". 2025 దాకా పారిశ్రామిక వివాదాల చట్టంలో 25-జి సెక్షన్‌గా ఉండేది అది. యజమాని ఇష్టం వచ్చినవాడిని ఏరి తీసేయకుండా కార్మిక ఉద్యమం సాధించుకున్న రక్షణ. మంచిదే. కానీ ఫ్యాక్టరీ గేటు ఎవరికి ఆలస్యంగా తెరుచుకుంది? స్పెషల్ డ్రైవ్ పెడితే తప్ప లోపలికి రాలేకపోయింది ఎవరు? చివర వచ్చింది మనమైనప్పుడు, ముందు పోయేది కూడా మనమే. బాల్కో క్లాజు వికలాంగుల విషయంలో ఆ వరుసను తిప్పింది, పళ్లు లేని భాషలో. పళ్లు పెట్టించడం మన పని.

ముందే రాయించుకుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు తెలిసిన ఉదాహరణ ఉంది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చి, 1999 ఫిబ్రవరి 1న రాష్ట్ర విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. తర్వాత డిస్కంలు వచ్చాయి. దశలవారీ పునర్వ్యవస్థీకరణకు దాన్ని పెద్ద ఉదాహరణగా చెప్తారు. ఉద్యోగులు ప్రభుత్వంతో, బోర్డుతో త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నారు. సర్వీసు నిబంధనలు, పెన్షన్ కాగితం మీద పెట్టించారు. అందుకే ఆ తేదీకి ముందు చేరినవాళ్ల పెన్షన్ ఈరోజుకీ నిలబడి ఉంది. సంఘబలం అంటే అదీ. కానీ ఆ ఒప్పందంలో పేరు లేనిది ఎవరికి? ఆ తర్వాత చేరబోయేవాళ్లకు, అసలు జాబితాలోనే లేని కాంట్రాక్టు వాళ్లకు. తర్వాతి ఏళ్లలో స్తంభాలెక్కిన పని, సబ్‌స్టేషన్లలో రాత్రి డ్యూటీలు చాలావరకు వాళ్ల మీదే పడ్డాయి. తెలంగాణలో 20 వేలకు పైగా అలాంటివాళ్లను 2017లో ఆర్టిజన్లు అని పేరుపెట్టి సంస్థల్లోకి తీసుకున్నారు. రెగ్యులర్ ఉద్యోగులతో సమానం చేయండని వాళ్లు ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉన్నారు.

బీఎస్ఎన్ఎల్‌లో ఒక్క దెబ్బ చూశాం. 2020 జనవరి 31న ఒక్కరోజే 78,569 మంది వీఆర్ఎస్ మీద బయటికొచ్చారు. 50 దాటినవాళ్లు, చేతికి డబ్బు వచ్చింది, చాలామంది సంతోషంగానే వెళ్లారు. అదే కాలంలో ఆ ఆఫీసులు ఊడ్చి, టవర్లకు కాపలా కాసిన కాంట్రాక్టు వాళ్లు నెలల తరబడి రాని జీతాల కోసం రోడ్డెక్కారు. వాళ్లకు ప్యాకేజీ అనే మాటే లేదు.

కాబట్టి ఆ కుర్రాడికి నేను చెప్పింది ఇది. ఎంత వేగం అని కాదు, ఎవరికి ఎంత వేగం అని అడుగు. నన్ను ఎంచుకోమంటే రెండూ కావాలంటాను, కానీ తలకిందులుగా. అప్పుల మార్పిడి, గని కేటాయింపు, పైన పేరుకుపోయిన బోర్డు పదవులు, దళారీ కాంట్రాక్టుల రద్దు ఒక్క దెబ్బతో చేయండి. విశాఖకు 2025లో ఇచ్చిన డబ్బు 2021లోనే ఇచ్చి ఉంటే ఎన్ని గేటు పాసులు బతికేవి! మనుషుల జోలికి వచ్చినప్పుడు మాత్రం నిదానించండి, గేటు దగ్గరివాడి విషయంలో అందరికంటే ఎక్కువ నిదానించండి. ఈ రెండిటికంటే ముందు బ్యాక్‌లాగ్ నింపండి. నింపాకే కేడర్ కుదించండి.

నష్టాల్లో ఉన్న కంపెనీని జనం డబ్బుతో ఎన్నాళ్లు మోస్తాం అనేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. మూయక తప్పని ఫ్యాక్టరీలు ఉంటాయి, ఉండవని నేననను. కానీ గని ఇవ్వకుండా, మూలధనం ఇవ్వకుండా నష్టం తెచ్చి, ఆ నష్టాన్ని కూలివాడి ముందు పెట్టి లెక్క అడగడం వేరు. ఇంకొందరు ప్రైవేటులో అవకాశాలు లేవా అంటారు. 2006లో ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడు పరిశ్రమల సంఘాలు, చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామని ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. అంటే అక్కడ కూడా నిదానం. ఇన్నేళ్లయినా వాళ్ల మీద చట్టం లేదు.

బాబాసాహెబ్ ఈ ప్రమాదాన్ని 1947లోనే ఊహించాడు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభకు ఇచ్చిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలనడంతో ఆగలేదు. ఆ ఏర్పాటును రాజ్యాంగంలోనే రాయాలన్నాడు. ఈరోజు మెజారిటీ ఉన్న పార్టీ రేపు మామూలు చట్టంతో దాన్ని మార్చకుండా. అది రాజ్యాంగంలోకి రాలేదు. అందుకే ఒక మంత్రివర్గ సంఘం ఒక మధ్యాహ్నం కూర్చుని నూరు శాతం అనగలిగింది.

మనలో పర్మినెంట్ అయినవాళ్లతో కూడా ఒక మాట. మన ఎస్సీ ఎస్టీ ఉద్యోగ సంఘాల మెమొరాండాల్లో ప్రమోషన్ల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి (నేనూ వచ్చే వారం దాని గురించే రాయబోతున్నాను). కాంట్రాక్టు వాడి గురించి చివర్లో ఒక వాక్యం ఉంటే ఉంటుంది. కింద కేడరే లేకుండా పోతుంటే ప్రమోషన్ రోస్టర్ దేని మీద నిలబడుతుంది అన్నా?

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ జిల్లాలో ఉన్న ఏదైనా ఒక ప్రభుత్వ రంగ సంస్థకు, డిస్కంకు, ఆర్టీసీ డిపోకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఒక్కో కేడర్‌లో పదేళ్ల కింద మంజూరైన పోస్టులెన్ని, ఇప్పుడెన్ని, మధ్యలో రద్దయినవి ఏ తేదీన ఏ ఉత్తర్వుతో, ఆ రోజుకు వాటిలో ఎస్సీ ఎస్టీ బ్యాక్‌లాగ్ ఎంత అని అడగండి. రోస్టర్ రిజిస్టరు నకలు కోరండి. కాంట్రాక్టు సిబ్బంది సంఖ్య ఏడాదివారీగా విడిగా అడగండి, కలిపి అడిగితే ఒక్క ముక్కలో జవాబు ఇచ్చి పంపేస్తారు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. వచ్చిన కాగితాలు నాకు పంపండి, జిల్లాలవారీగా పట్టిక తయారుచేద్దాం.